అత్త బిందె ఏ పక్క పెట్టాలి

నోరు విప్పి చెప్పే స్థితిలో లేని మనిషి తరఫున ఇంకొకరు సరే అనవచ్చా? కొన్నేళ్ళుగా నేను మోస్తున్న ప్రశ్న ఇది. క్లాసులో పిల్లలను అడిగాను, ఇంట్లో వాళ్ళను అడిగాను, బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన రోజుల్లో నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నాకు ఈ ప్రశ్నను అంటగట్టిన మనిషి పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది.

కబురు తెచ్చింది నేను ఒకప్పుడు ఉన్న వీధిలోని మేస్త్రీ భార్య. కాలేజీలో మేము లెక్చరర్లం కూర్చునే గది గుమ్మం బయట నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "అత్త పోయిందక్కా" అంది. చేతిలో ఉన్న సుద్దముక్క ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. తనే మళ్ళీ, "కడసారి నీళ్ళు పోయాల గదక్కా. కొళాయిలో ఒగ సొట్టు, ఒగ చుక్క లేదు" అంది. అత్త పోయిందన్న మాటకు రాని ఏడుపు నాకు ఈ రెండో మాటకు వచ్చింది.

అత్త నాకు నిజానికి ఏమీ కాదు. తమిళనాడులోని ధర్మపురి అంచున, పట్టణం అయిపోయి చింతచెట్లు మొదలయ్యే చోట, తెలుగు మాట్లాడే ఇళ్ళ వీధి ఒకటుంది. ఆ వీధిలో చాలా ఏళ్ళు నేను అద్దెకున్నాను. ఎదురిల్లు ఆమెది. వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆమెను అత్త అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. నేను ఎకనామిక్స్ చెబుతానని ఎంత చెప్పినా ఆమెకు నేను "లెక్కల టీచరమ్మ"నే. మనసు బాగున్నప్పుడు "అమ్మణ్ణీ" అనేది. కోపం వస్తే "ఏమ్మే" అనేది.

నేను తెలుగు రాస్తుంటే పక్కన కూర్చుని చూసేది. మా వీధి ఇళ్ళలో మాట తెలుగే గాని, చదువు తమిళం. ఈ లిపి చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు. "అన్నీ గుండ్రం గుండ్రంగా ఉండాయే, చింతగింజలు పారబోసినట్ల" అనేది. ఇప్పుడు ఆమె గురించి నేను ఇక్కడ రాస్తున్నది ఆ వీధిలో ఒక్కరు కూడా చదవలేరు. అది తలుచుకుంటే, ఎవరి కోసం రాస్తున్నానో నాకే సరిగా తెలియదు. మీ కోసమే అనుకుంటాను.

చింతగింజల మాట ఆమె నోట ఊరికే రాలేదు. ఆమె పని అదే. ఎండాకాలమంతా వ్యాపారుల దగ్గర నుంచి చింతకాయ బస్తాలు వచ్చేవి. అత్త అరుగు మీద కూర్చుని పెంకు ఒలిచి, ఈనె తీసి, గింజ కొట్టి, పండు ముద్ద చేసి పంపేది. అది కారిమంగళం సంతకు పోయేది. వేళ్ళ సందుల్లో పులుపు ఎప్పుడూ మండుతూ ఉండేది. వీధిలో పోయే ప్రతి మనిషినీ పిలిచి రెండు మాటలు అనేది. ఎంత నవ్వు వచ్చినా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పళ్ళు గోధుమరంగు. మా వైపు నీళ్ళు తెలిసినవాళ్ళకు ఇది వింత కాదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని డాక్టర్లు అంటారు. అత్తకు ఆ మాట తెలియదు, రంగు తెలుసు. "కడత్తూరులో పుడితేనేమి, ఈడ పుడితేనేమి, నవ్వితే అందరం ఒగ ఇంటోళ్ళమే" అనేది. ఆ నీళ్ళే ఆమె ఎముకలనూ పట్టుకున్నాయి. నేను చూసేనాటికే నడుము ముందుకు వంగిపోయింది. ఆ వంగిన నడుము మీదే సొట్ట పడ్డ ఇత్తడి బిందె పెట్టుకుని పంపు దగ్గరి నుంచి వచ్చేది. బిందె కోసమే ఆమె అలా వంగిందేమో అనిపించేది చూస్తే.

వీధి చివర చేతిపంపు ఉండేది. పొద్దున్నే బిందెల వరస. వరసలో మనిషి నిలబడనక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. బిందె పెట్టి వెళ్ళి పొయ్యి మీద ఎసరు పెట్టుకుని రావచ్చు, పిల్లలకు జడ వేసి రావచ్చు. ఎవరి బిందెనూ ఎవరూ జరపరు. మొగుళ్ళ మీద, అత్తల మీద, అప్పుడప్పుడు దేవుడి మీద కూడా నోరు చేసుకునే ఆడవాళ్ళు పక్కవాళ్ళ బిందె మీద మాత్రం చెయ్యి వేసేవారు కాదు.

ఇంకో కట్టుబాటు ఉంది. ఒక ఇంట్లో చావు జరిగితే కర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు పంపు దగ్గరికి రాకూడదు. తీటు, అంటే మైల. కానీ నీళ్ళు లేకుండా ఇల్లు ఎలా గడుస్తుంది? అందుకని ఆ ఇంటి బిందెను ఇంకొకరు తెచ్చి వరసలో పెట్టి, నింపి, వాళ్ళ గుమ్మం బయట దించి వస్తారు. వీధిలో ఆ పని ఎప్పుడూ అత్తదే. ఎవరూ అప్పగించలేదు. ఒకసారి నేను, ముట్టుకోకూడని ఇంటి బిందెను ముట్టుకోవచ్చా అని అడిగాను. "తీటు మనిషికి మే, బిందెకు యాడుంటాది?" అంది. నా చదువుకు తోచే ప్రశ్నలన్నింటినీ ఆమె అలాగే ఒక్క మాటతో పక్కకు జరిపేది.

చాలా కాలం తర్వాత పంచాయతీ ఎన్నికలు జరిగిన ఏడాది అది. వానలు ముందే వచ్చాయి. పంపు చుట్టూ బురద, ఆ బురదలోకి వీధి మురుగు. మేస్త్రీ వాళ్ళ పాప అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. బిందెల వరస పక్కన తిరుగుతూ ఖాళీ బిందెల్లోకి తల పెట్టి అరిచేది, తన గొంతు తనకే గుమ్మని వినిపిస్తే కిలకిలా నవ్వేది. వాంతులు, భేదులు పట్టుకున్నాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మేస్త్రీ బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. అతను దిగేసరికి పాప లేదు. డాక్టరు నీళ్ళ వల్లే అన్నాడని వీధంతా చెప్పుకుంది.

మేస్త్రీ భార్య ఇంట్లో నుంచి బయటికి రాలేదు. ఆమెది ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె. మా వీధిలోకి అప్పుడే ప్లాస్టిక్ బిందెలు వస్తున్నాయి. ఆ బిందె అత్త చేతికి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్తగా గెలిచిన వార్డు మెంబరు పంపు దగ్గరికి వచ్చాడు. మంచి మనిషే. తెల్లచొక్కా నలగకుండా బురద దాటడానికి కష్టపడ్డాడు. సంగతి చెప్పాడు. సర్కారు అప్పు ఇస్తుంది, మా వీధి మాటలో కడన్. ఆనకట్ట నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చుకోవచ్చు, మురుగు భూమి కింద పోయేలా కాలువలు వేసుకోవచ్చు. అప్పును పంచాయతీ ఏటేటా తీర్చాలి. అంటే ఇంటి పన్ను పెరుగుతుంది, నీటికి వేరే కట్టాలి. పంచాయతీ మీటింగులో తను ఏం చెప్పాలో ముందు వీధులే చెప్పాలన్నాడు.

"మీ పిల్లలు గూడా కట్టాల్సి ఉంటాది" అని నిజాయితీగానే చెప్పాడు.

కిరాణా కొట్టు మామ వెంటనే అందుకున్నాడు. "పిల్లలు కట్టేదేంది సామీ, పిల్లలు బతికితే గదా కట్టేది?" అన్నాడు. అని, మేస్త్రీ ఇంటి వైపు చూసి నాలుక కరుచుకున్నాడు.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. పన్ను కట్టకపోతే ఇంటి తలుపులు ఊడబీక్కుని పోతారని ఒకరు. పైపు వేసేది నిజమే, అందులో నీళ్ళొస్తాయని ఎవరు చెప్పారని ఒకరు. ఇట్లా వద్దు వద్దంటూనే మన ముందువాళ్ళు ఈ పంపుకు వచ్చారు, మనమూ ఈడే చస్తామని ఇంకొకరు. మెంబరు చెయ్యెత్తమన్నాడు. మగవాళ్ళ చేతులు కొన్ని లేచాయి. మామగార్ల ముందు, బావగార్ల ముందు ఆడవాళ్ళు చేతులెత్తలేదు.

అత్త కొంగు నడుముకు దోపుకుంది. "నీళ్ళు మోసేది మేము. చెయ్యెత్తేది మీరా? మాకు చెయ్యి లేస్తే మీ కండ్లు లేస్తాయి. వద్దు. ఆదివారం పొద్దున ఇంటికొగ బిందె. కడన్ కావాలనేవాళ్ళు పంపుకు ఈ పక్క, వద్దనేవాళ్ళు ఆ పక్క. ఎవుర్ని ఎవురూ అడగొద్దు" అంది.

మెంబరు నవ్వాడు. "అద్దింటోళ్ళ బిందె లెక్కలోకి రాదు గదా?" అన్నాడు, నా వైపు చూసి మర్యాదగానే.

"ఎందుకు రాదు? టీచరమ్మ కాఫీ కాచుకునేది ఏ నీళ్ళతో, అద్దె నీళ్ళతోనా?" అంది అత్త. అందరూ నవ్వారు. అలా నా బిందె కూడా లెక్కలోకి వచ్చింది. రాకపోతే బాగుండునని నాకు అనిపించింది.

శనివారం సాయంత్రం అత్త చింతగింజలు కొడుతూ నన్ను పిలిచింది. "నీకు లెక్కలొస్తాయి గదా. చెప్పు. కడన్ మంచిదా, చెడ్డదా?"

చెప్పాను. ఇవాళ వాడుకునే దానికి అప్పు చేస్తే తప్పు, పదిమంది తరాలపాటు వాడుకునే దానికి చేస్తే తప్పు కాదు, వాడుకునేవాళ్ళంతా తలా కొంత మోస్తారు అన్నాను. అయితే మోసేవాళ్ళలో ఇంకా పుట్టనివాళ్ళు ఉంటారు, వాళ్ళు సరే అనలేదు కదా, అది కూడా నిజమే అన్నాను. పైపు సరిగా వేస్తారో లేదో మన చేతిలో లేదు అన్నాను. వెయ్యకపోతే జరిగేది కూడా చూశాం కదా అన్నాను.

అత్త సుత్తి ఆపింది. "నువ్వు ఈ పక్క చెప్తావు, ఆ పక్క చెప్తావు. నడి మధ్యన నిలబడి కాఫీ తాగుతా ఉంటావు" అంది. తర్వాత తన మాట చెప్పింది. "నాకు ఒప్పుదల లేదమ్మణ్ణీ. నేనెన్నాళ్ళుంటాను? కట్టాల్సింది నా కొడుకు. వాడు లారీ మీద తొప్పూరు కనమ దిగతా ఉంటాడో, ఎక్కతా ఉంటాడో. వాణ్ణి అడగకుండా వాని నెత్తిన బరువు పెట్టేదానికి నేనెవుర్ని?"

ఆ మాట విని నాకు ముచ్చటేసింది. మా పుస్తకాలు పేజీలు పేజీలు తిప్పి చెప్పేది అదే. తెల్లవారితే ఏం జరగబోతోందో తెలియని ముచ్చట అది.

ఆదివారం ఇళ్ళలో నుంచి బిందెలు వచ్చాయి. ఇత్తడివి, అల్యూమినియంవి, రంగురంగుల ప్లాస్టిక్‌వి. ఒక్కో ఆడమనిషి వచ్చి, చుట్టూ చూసి, బిందె దించి పోతోంది. నేను ఈ పక్క పెట్టాను. కావాలని పెట్టానో, మేస్త్రీ ఇంటి తలుపు మూసి ఉండటం కనిపించి పెట్టానో చెప్పలేను. అత్త రెండు బిందెలతో వచ్చింది. చంకలో తన ఇత్తడి బిందె, చేతిలో ఆకుపచ్చ బిందె. తన బిందెను వద్దనే పక్క పెట్టింది. వంగిన నడుముతోనే పంపు చుట్టూ తిరిగి వచ్చి ఆకుపచ్చ బిందెను కావాలనే పక్క పెట్టింది.

కొట్టు మామ ఊరుకుంటాడా? "ఏమత్తా, రెండు పడవల్లో కాళ్ళా? నీ రెండు బిందెలూ కొట్టుకుని ఒగదాన్నొగటి మింగేసినాయే!"

"ఇది నాది. అది దానిది" అంది అత్త.

"అది చెప్పినాదా నీకు, ఆ పక్క పెట్టమని?"

"అడిగేదానికి నాకు నోరు రాలా. బిడ్డను పోగొట్టుకున్న దాని బిందె ఇంగో పక్క యాడ పెట్టేది?"

అంతవరకు తటపటాయిస్తూ బిందె చంకలోనే పెట్టుకుని నిలబడినవాళ్ళు ఆ ఆకుపచ్చ బిందెను చూశారు, తమ బిందెలు దాని పక్కన దించారు. చివరికి ఎటు ఎక్కువో లెక్కపెట్టవలసిన పనే లేకపోయింది. తక్కిన వీధులు కూడా చాలావరకు సరేనన్నాయని, పంచాయతీ ఒప్పుకుందని తర్వాత తెలిసింది.

కర్మ అయిన మర్నాడు మేస్త్రీ భార్య పంపు దగ్గరికి వచ్చింది. ముఖం ఎండిపోయి ఉంది. సంగతి అప్పటికే ఎవరో చెప్పారు. వరసలో ఉన్న అందరి ముందూ నేరుగా అత్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా బిందె నువ్వెట్ల పెడితివి అత్తా?"

అత్త పంపు కొట్టడం ఆపింది. "తప్పా మే?"

"నన్నడిగుంటే వద్దనే చెప్పుంటాను. నా బిడ్డ పోయినాక వచ్చే నీళ్ళు తియ్యగుంటే నాకేం, ఉప్పగుంటే నాకేం? ఇప్పుడు అందరూ నా బిందె చూసి పెట్టినారంట. రేపు పన్ను కట్టలేనోళ్ళంతా నా బిడ్డ పేరే గదా తలుచుకునేది? దాని పేరు మీద కడన్ ఎందుకు తెస్తిరి?"

"నేను నీ మంచికే అనుకుంటినే."

"నాకు నోరుండాది గదత్తా. నువ్వొచ్చి గడప బయట నిలబడి ఒగ మాట అడగరాదా? నేను లోపల్నించి ఒగ మాట చెప్పుంటాను గదా."

అత్త సగం నిండిన తన బిందెను పంపు కింది నుంచి తీసి, అక్కడ ఆకుపచ్చ బిందెను పెట్టింది. నిండేదాకా కొట్టింది. మేస్త్రీ భార్య ఆ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. వెళుతూ ఏడ్వలేదు. ఆ పని అత్త చేసింది, అదీ కొంగు అడ్డం పెట్టుకునే.

ఆ రోజు నుంచి అత్తకు ఒక అలవాటు పడింది. ఎంత ముందు వచ్చినా వరసలో మేస్త్రీ భార్య బిందెకు వెనకే తన బిందె పెట్టేది. అది ఇంకా రాకపోతే చోటు వదిలిపెట్టి, ఆ చోటుకు వెనక పెట్టేది. తెలియనివాళ్ళు ఎవరైనా ఆ ఖాళీలో బిందె పెట్టబోతే, "ఆడ మనిషుండాది" అనేది. వాళ్ళిద్దరూ తిరిగి ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కొన్ని నెలలకు మేస్త్రీ భార్య అరుగు మీద కూర్చుని అత్తతో కలిసి చింతకాయలు ఒలుస్తూ కనిపించింది.

పైపులు వచ్చాయి. వీధంతా తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. ఒకనాడు కొళాయిలో నీళ్ళు వచ్చాయి. ఆ పొద్దున ఎవరూ పనికి పోలేదు. అత్త దోసిట్లో పట్టి తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో దోసిలి తాగింది. "ఎంత తియ్యగుండాదే! ఇంత తియ్యగుంటాదని ముందే తెలిసుంటే..." అని ఆగిపోయింది. తెలిసి ఉంటే ఏమిటి అత్తా అని అడిగాను. నోరు తుడుచుకుని బిందె కొళాయి కింద పెట్టింది. ఆ వాక్యం అక్కడే ఉండిపోయింది. తెలిసి ఉంటే తన బిందె కూడా ఈ పక్కే పెట్టేదా? లేక తెలిసి ఉంటే, ఈ రుచి మరిగి మళ్ళీ లేకుండా బతకడం ఎలాగని భయపడేదా? ఆమె గొంతును ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా అది రెండింటికీ సరిపోతోంది.

కొళాయి వచ్చింది కదా అని చేతిపంపు పిడి విప్పి తీసుకుపోయారు. మురుగు కాలువ పని వీధి సగంలో ఆగింది. అప్పు సరిపోలేదన్నారు. మిగిలిన గుంటల్లో వాన నీళ్ళు నిలిచాయి. పన్ను చీటీ మాత్రం ఆగలేదు. రెండేళ్ళు వరసగా వానలు సరిగా లేక ఆనకట్ట అడుగంటితే కొళాయి గాలి వదలడం మొదలుపెట్టింది. నీళ్ళ లారీ వచ్చినప్పుడు మళ్ళీ బిందెలు, మళ్ళీ వరస. కొట్టు మామ కొళాయిని చూపించి, "ఇది మనకు నీళ్ళివ్వదు, మనమే దీనికి ఇస్తా ఉండాము" అనేవాడు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను ఒక పక్కకే బిందె పెట్టినట్టవుతుంది. ఆ పాప తర్వాత మా వీధిలో వాంతిభేదులతో ఏ బిడ్డా పోలేదు. కొళాయి వల్లేనా, దేవుడి దయా, ఊరికే అలా జరిగిందా, నేను చెప్పలేను. మేస్త్రీ భార్యకు మళ్ళీ ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టింది కొళాయి వచ్చాకే.

సోమవారం నేను వెళ్ళేసరికి అత్తను వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. పడుకోబెట్టారని అంటున్నాను గాని, ఆ నడుము ఇప్పటికీ వంపు వదల్లేదు. తల కింద, మోకాళ్ళ కింద పాత చీరల మూటలు పెట్టారు. లారీ లోడు దింపి అప్పుడే వచ్చిన కొడుకు వాటిని సర్దుతూ, "అమ్మ ఎప్పుడూ ఇంతేనక్కా, నిటారుగా ఉండదు" అని నాతో నవ్వబోయి ఏడ్చాడు.

కొళాయి విప్పితే గాలి వచ్చింది. పంపు ఉన్నచోట మొండి గొట్టం మాత్రం ఉంది. నీళ్ళ లారీ వచ్చే రోజు కాదు. ఎవరు మొదలుపెట్టారో చూడలేదు. ఇళ్ళలో దాచుకున్న నీళ్ళతో బిందెలు బయటికి వచ్చాయి. నిండువి కొన్ని, సగంవి చాలా. అత్త గుమ్మం ముందు వరసగా పెట్టారు. ఎవరి బిందెనూ ఎవరూ జరపలేదు. ఆకుపచ్చ బిందె ముందుంది. దాని వెనక మేస్త్రీ భార్య ఒక బిందె అంత చోటు వదిలిపెట్టింది. కొట్టు మామ తన ఇంటి బిందె తెచ్చి అక్కడ పెట్టబోయి, ఆమె ముఖం చూసి, వెనక్కి పోయి చివర పెట్టాడు. ఆ నీళ్ళే అత్తకు పోశారు. పోసిన నీళ్ళు వాకిలి దాటి, పూర్తికాని కాలువ గుంటలోకి పోయాయి.

కార్యక్రమమంతా అయ్యాక మేస్త్రీ భార్య నన్ను పక్కకు పిలిచింది. చంకలో సొట్ట పడ్డ ఇత్తడి బిందె. అత్త ఇంట్లో ఇప్పుడు తీటు. కర్మ అయ్యేదాకా ఆ బిందెను లారీ దగ్గర పెట్టి నింపి ఇచ్చే పని తను తీసుకుంది.

"అక్కా, మెంబరు నిన్న మళ్ళా వచ్చినాడు. అత్తకు అప్పటికే తెలివి లేదు. కాలువ పని ముగించేదానికి, ఇంగో బోరు వేసేదానికి ఇంగొగ కడన్ అంట. వచ్చే ఆదివారం వీధి మాట చెప్పాలంట. బిందెలే పెడదామని అందరూ అంటా ఉండారు."

నాకు అర్థమైంది. ఆమె చంకలోని బిందెను మా ఇద్దరి మధ్య నేల మీద దించింది.

"నా బిందె సంగతి నాకు తెలుసు. నేను పెట్టుకుంటాను. అత్త బిందె ఏ పక్క పెట్టాలక్కా?"

"కొడుకును అడిగావా?"

"అడిగినాను. ఈ తూరి గడప బయట నిలబడి అడిగినాను. అది అమ్మ బిందె, అమ్మ ఉంటే యాడ పెట్టుంటాదో ఆడ పెట్టండి అన్నాడు. యాడ పెట్టుంటాదక్కా? నీతో అన్నీ చెప్పేది గదా."

చెప్పేది. కొడుకును అడగకుండా బరువు పెట్టనని చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్నదాని బిందెను ఇంకో పక్క పెట్టలేనని చెప్పింది. తియ్యగా ఉందని చెప్పింది, తర్వాతి మాట చెప్పలేదు. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ రుణాల గురించి పాఠం చెబుతున్నదాన్ని, వాకిట్లో నిలబడి ఆ ఇత్తడి బిందె సొట్టను చూస్తూ ఉండిపోయాను.

"పెట్టకుండా ఉంటే?" అన్నాను.

"పెట్టకుంటే ఆ ఇల్లు లేనట్ల గదక్కా" అంది ఆమె.

ఆమె చిన్నకూతురు అక్కడే ఆడుకుంటోంది. ఖాళీ అయిన బిందెల్లో ఒకదానిలోకి తల పెట్టి అరిచింది. గొంతు గుమ్మని తిరిగి వస్తే తలెత్తి మా వైపు చూసి నవ్వింది. పాలపళ్ళు, తెల్లగా మెరుస్తున్నాయి. మా వైపు పాలపళ్ళు ఎప్పుడూ తెల్లగానే వస్తాయి. అవి ఊడి, వాటి చోట వచ్చేవాటికే రంగు. కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, లారీ నీళ్ళు అన్నీ కలిపి తాగిన ఈ పిల్లకు ఏ రంగు పళ్ళు వస్తాయో తెలియడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. అప్పటికీ ఆ అప్పు తీరి ఉండదు. దాని సంగతి ఈ పిల్లను ఎవరూ అడగలేదు.

ఇది అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఆ ఆదివారం దాటిపోయి ఉంటుంది. అత్త బిందె ఏదో ఒక పక్క ఉండే ఉంటుంది. నేను వెళ్ళి ఏదో ఒకటి చెబుతానేమో, చెప్పకుండా ఆమె పక్కన నిలబడి వస్తానేమో. ఎటు పెట్టాలో నాకు తెలియదు. అసలు మనం పెట్టవచ్చో లేదో కూడా నాకు ఇంకా తెలియదు.